మోగని గంటకు పరుగెత్తిన మా అక్క

దయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్ళుమంట ఉంది. భయపడేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. కానీ తమ పని తాము సరిగ్గా చేయకుండా "ఏదో ఉందిలే అక్కడ" అని చేతులు దులుపుకునేవాళ్ళను చూస్తే తిక్క రేగుతుంది. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివాక ఎవరైనా నన్ను కూడా ఆ జాబితాలో వేసేస్తారేమోనని. నేను ఆ బాపతు కాదు. ఇప్పటికీ కాదు.

మాది వికారాబాద్. నేను సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. ఒకట్రెండు రోజులు రైలెక్కి హైదరాబాద్ ఆఫీసుకు పోతాను, మిగతా వారమంతా ఇంట్లోనే. నా పని వర్చువల్ మెషిన్ల మీద. వర్చువల్ మెషిన్ అంటే పెద్ద విషయమేం కాదు, ఒక కంప్యూటర్ లోపల నడిచే, ఒళ్ళు లేని ఇంకో కంప్యూటర్. ఒక పెద్ద మెషిన్ కొని, దాని లోపల ఇలాంటివి నాలుగైదు నడుపుకుంటారు. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఇప్పుడంతా ఇదే.

మా పనిలో కూడా దయ్యం అనే మాట వాడేవాళ్ళున్నారు. ఎప్పుడో ఒకసారి కనబడి, చూద్దామంటే మాయమైపోయే తప్పును నవ్వుతూ అలా అంటారు. అలా అన్నవాడికి తన పని రాదని నా లెక్క.

మా అక్క సుజాత తాండూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తుంది. ఏళ్ళ తరబడి అదే పని. రైల్లో కూడా ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే మా అక్క కోసం బోగీలు వెతుక్కుంటూ వస్తారు. అలాంటి మనిషిని, పోయిన ఎండాకాలం, నిర్లక్ష్యం చేసిందని ఇంటికి పంపేశారు. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు మండుతుంది.

జరిగింది ఇది. మగవాళ్ళ వార్డులో చివరి మంచం మీద ఒక పెద్దాయన ఉన్నాడు. నాపరాయి పాలిష్ చేసే చోట ఒళ్ళు అరగదీసుకున్న మనిషి, ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము. ఆక్సిజన్ మీద ఉన్నాడు. పక్కన ఆయన భార్య. కర్ణాటక సరిహద్దు అవతలి పల్లె వాళ్ళు, ఆమెకు కన్నడం తప్ప రాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆక్సిజన్ పైపు గోడ దగ్గర ఊడిపోయింది. ఆయనకు ఊపిరాడలేదు. ఆమె మంచం పక్కనున్న గంట మీట నొక్కింది. ఎవరూ రాలేదు. కాసేపటికి మా అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది, పైపు పెట్టింది, గుండె నొక్కింది, డాక్టర్ను కేకేసింది. ఆయన్ను హైదరాబాద్ పంపారు. బతికాడు. కానీ ఆ కాసేపు ఆలస్యానికి చాలా రోజులు గొట్టాలతో పడి ఉన్నాడు.

కొడుకు వచ్చి గొడవ చేశాడు. చేయడా మరి? గంట కొడితే ఎందుకు రాలేదని అడిగాడు. ఆసుపత్రి వాళ్ళకు ఒక తల కావాలి. మా అక్క తల దొరికింది.

కౌంటర్ దగ్గర ఒక ప్యానెల్ ఉంటుంది. మంచం దగ్గర మీట నొక్కితే ఆ కబురు సర్వర్‌కు పోయి, అక్కణ్ణుంచి ప్యానెల్‌కు వచ్చి, గంట మోగి ఆ మంచం లైటు వెలుగుతుంది. ఆ రోజు ఆ లైటు వెలిగింది, గంట మోగింది. రెహానా అనే ఇంకో నర్సు మందుల గది నుంచి వచ్చేసరికి గంట మోగుతోంది, కౌంటర్ దగ్గర ఎవరూ లేరు. ఆ అమ్మాయి ఉన్నదే చెప్పింది. మేనేజర్ దాన్ని పట్టుకున్నాడు. గంట మోగింది, సిస్టర్ కౌంటర్లో లేదు, ఎక్కడో తిరుగుతోంది. అంతే, కేసు తేలిపోయింది.

మా అక్క మాత్రం ఒకటే మాట మీద ఉంది. తను కౌంటర్ దగ్గరే ఉంది, గంట మోగలేదు. గంట మోగింది తను ఆ పెద్దాయన దగ్గరికి చేరుకున్న తర్వాత.

మేనేజర్ నవ్వాడట. "మోగలేదంటున్రు. మరెట్ల పోయిన్రు సిస్టర్? దయ్యం గిట్ల పిలిచిందా?"

మా అక్క తెలివిగల మనిషైతే ఏదో ఒకటి చెప్పి ఉండేది. ఊరికే ఒక చుట్టు వేద్దామని పోయాను అన్నా సరిపోయేది. తను అబద్ధం చెప్పదు. "ఎవరో పిలిచిన్రు సార్. నా పేరు పెట్టి, రెండుసార్లు" అని స్టేట్‌మెంట్‌లో రాసి ఇచ్చింది. ఇంకేముంది, మతి సరిగ్గా లేదన్న పేరు కూడా వచ్చి చేరింది.

ఎందుకంటే ఆ వార్డులో తనను పిలిచేవాళ్ళే లేరు. పెద్దాయనకు మాట రాదు ఆ స్థితిలో. ఆయన భార్యకు మా అక్క పేరే తెలియదు, పైగా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయానని ఆమే కొడుకు ద్వారా చెప్పింది. వార్డులో మిగిలిన ఇద్దరు పేషెంట్లలో ఒకరిని ఎక్స్‌రేకు తీసుకుపోయారు, ఇంకొకరు మత్తులో ఉన్నారు.

ఆ సాయంత్రం అక్క మా ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూర్చుంది. ఏడవలేదు. "నిర్లక్ష్యం అని రాసిన్రు తమ్మీ. గీ మాట మీద ఇగ నన్నెవడు పెట్టుకుంటడు?" అంది. నాకు మంట నెత్తికెక్కింది. గంట సంగతి నేను తేలుస్తాను అన్నాను. పిలుపు సంగతి మాత్రం ఎత్తలేదు. నిజం చెప్పాలంటే, అలసటలో ఏదో విన్నదిలే అనుకున్నాను.

మర్నాడే తాండూరు పోయాను. ఆ గంటల వ్యవస్థ పెట్టిన హైదరాబాద్ కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే, "ఇప్పటిదాకా ఒక్క కంప్లయింట్ లేదు సార్, మా సిస్టమ్ పర్ఫెక్ట్" అన్నాడు ఒకడు. చూడకుండానే. కనీసం కుర్చీలోంచి లేవకుండానే. కంప్లయింట్ ఎందుకు రాలేదో ఆ మహానుభావుడికి తెలియదు. నాకు మాత్రం వార్డు బయట బెంచీ మీద కూర్చున్న కాసేపట్లోనే తెలిసింది.

అక్కడ లక్ష్మమ్మ అని పెద్ద వయసు ఆయమ్మ ఉంది. కొత్తగా చేరిన పేషెంట్ కోడలికి మంచం, బాత్రూమ్, మంచినీళ్ళు అన్నీ చూపించి, చివర్లో మీట చూపించింది. "ఒక్కపాలి కొట్టి ఊకోకు బిడ్డా. రెండుపాలు కొట్టు. ఒక్కదానికి ఎవ్వరు రారు" అంది.

ఎందుకు రారని నేను అడిగాను. నన్ను వింతగా చూసింది. "ఒక్కపాలి పిలిస్తే పలుకుతరా కొడుకా ఎవరన్న? ఏదో ఏమో అని ఊకుంటరు. మనిషైతే మళ్ళ పిలుస్తడు. గంటకు గూడ గంతే."

ఈ పట్టింపు నాకు కొత్త కాదు. మా నాయనమ్మకూ ఉండేది. బయట నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకనిచ్చేది కాదు. మనుషులు కానివి ఒక్కసారే పిలుస్తాయట, రెండోసారి పిలవలేవట. మాది చర్చికి పోయే కుటుంబం, పాస్టరుగారు మా నాయనమ్మను ఎన్నిసార్లు కోప్పడినా ఆ అలవాటు పోలేదు. నేను మాత్రం చిన్నప్పుడే కావాలని మొదటి పిలుపుకే పలికి ఆమెతో తిట్లు తినేవాణ్ణి.

కానీ ఆ బెంచీ మీద నాకు వేరే సంగతి తట్టింది. ఒక్కసారి నొక్కితే ఎవరూ రాకపోవడం నిజమే అయితే? లక్ష్మమ్మ చెప్పే కారణం తప్పు, చూసింది నిజం అయితే? ఆ వార్డులో అందరూ రెండుసార్లు నొక్కుతారు, అందుకే ఎవరికీ ఇబ్బంది కలగలేదు. లక్ష్మమ్మ మాట అర్థంకాని కన్నడం ఆవిడ ఒక్కతే ఒక్కసారి నొక్కి, మర్యాదగా ఎదురుచూసింది.

రెహానాను అడిగాను. ఆ అమ్మాయి బెదిరిపోయి ఉంది, తన మాట వల్లే అక్క ఉద్యోగం పోయిందని. "దోనో లైట్లు ఒక్కసారే వచ్చినయి భయ్యా. చివరి మంచంది, ఆడోళ్ళ వార్డులది ఒకటి. గిట్ల రెండు కలిసి వచ్చుడు నేనెప్పుడు చూడలే" అంది.

నా ఒళ్ళు జలదరించింది. భయంతో కాదు, ఆ తప్పు ఏమిటో నాకు అర్థమై.

ఆ సర్వర్ లోపల గంటలు నడిపేది కూడా ఒక వర్చువల్ మెషినే. పని లేనప్పుడు దాన్ని నిద్రపుచ్చుతారు. బయటి నుంచి కబురొస్తే తట్టి లేపాలి. ఆ తట్టడాన్ని ఇంటరప్ట్ అంటాం. పడుకునే ముందు అది ఒకసారి గుమ్మం దగ్గర చూసుకుంటుంది, చీటీ ఏమైనా వచ్చిందా అని. లేదు. సరే, పడుకుందాం. ఆ చూడడానికీ పడుకోవడానికీ మధ్య ఒక రెప్పపాటు ఉంది. సరిగ్గా ఆ రెప్పపాటులో కబురు తెచ్చేవాడు వస్తాడు. లోపలివాడు ఇంకా మెలకువగానే ఉన్నాడు కదా, లేపడం దేనికి అనుకుని చీటీ పెట్టి పోతాడు. లోపలివాడు అప్పటికే చూసేశాడు కాబట్టి మళ్ళీ చూడడు, పడుకుంటాడు. చీటీ అలాగే ఉంటుంది. ఇంకో కబురు వచ్చి లేపినప్పుడు, పాతదీ కొత్తదీ కలిపి ఒకేసారి చదువుతాడు.

మా భాషలో దీన్ని రేస్ కండిషన్ అంటారు. ఇద్దరూ తమ తమ పని సరిగ్గానే చేస్తారు, మధ్యలో మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

ఆడవాళ్ళ వార్డులో ఎవరో మీట నొక్కిన తర్వాతే పెద్దాయన గంట కూడా మోగింది. అప్పటికే మా అక్క ఆయన గుండె మీద చేతులు పెట్టి నొక్కుతోంది. అందుకే కౌంటర్ ఖాళీ.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. ఆసుపత్రి సర్వర్ మీద నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో మాత్రం చెప్పారు. అది ఎవరైనా ఉచితంగా వాడుకోగలిగేది, నాలాంటివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో కలిసి రాసేది. అదే ఇంట్లో పెట్టుకున్నాను. వేల సార్లు మీట నొక్కినట్టు నటించే చిన్న ప్రోగ్రామ్ రాసి వదిలాను. మొదట ఒక్కటీ తప్పిపోలేదు. మెషిన్‌కు ఊరికే పని చెప్తుంటే అది పడుకునేదెప్పుడు? ఆసుపత్రి మధ్యాహ్నంలాగా మధ్యమధ్య ఖాళీ వదలడం మొదలుపెట్టాక, ఒక గంట తప్పిపోయింది. తర్వాత ఇంకొకటి. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను, ఇంట్లోవాళ్ళు కంగారుపడ్డారు.

సరిదిద్దడం పెద్ద పనేం కాదు. ముందు "పడుకుంటున్నాను" అని బోర్డు తిప్పాలి, ఆ తర్వాత గుమ్మంలో చీటీ ఉందా అని చూడాలి. రెండు లైన్ల వరుస మార్చి, ప్రాసెసర్ తన తొందరలో ఆ రెంటినీ తారుమారు చేయకుండా మధ్యలో ఒక కట్టడి పెట్టాలి. అంతే. ఆ రెండు లైన్ల కోసం ఒక మనిషి ఊపిరాడక నీలంగా మారిపోయాడు, ఇంకో మనిషి ఉద్యోగం పోయింది.

దిద్దిన కోడ్ పంపాను. దాన్ని చూసుకునే పెద్దమనిషి ఒకాయన ఎక్కడో దూరదేశంలో ఉంటాడు. రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. మేము ప్రయత్నించాం, ఆ తప్పును మళ్ళీ జరిపించలేకపోయాం, ఈ ఫిర్యాదును మూసేస్తున్నాం. మూసేస్తారట! నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఆ రోజు మా ఇంటికొచ్చి ఉన్న అక్కను పిలిచి నా జవాబు బిగ్గరగా చదివి వినిపించి మరీ పంపాను. మీరు మళ్ళీ జరిపించలేకపోయినంత మాత్రాన అది జరగలేదని కాదు, చూడడానికి మీకు ఓపిక లేదని మాత్రమే అర్థం అని రాశాను. నా ప్రోగ్రామ్ జతచేశాను. కొన్నాళ్ళకు ఆయన నడిపి చూసుకుని, క్షమించమని రాసి, నా కోడ్ తీసుకున్నాడు.

హైదరాబాద్ కంపెనీ వాడు కిక్కురుమనకుండా తాండూరులో కొత్తది ఎక్కించాడు. ప్రతిసారీ ఒక్క నొక్కుకే గంట మోగడం మొదలైంది.

ఇంక అంతా అయిపోయిందనుకుని అక్కను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోయాను. పెద్ద డాక్టరుగారు, అంటే ఆసుపత్రి యజమాని, మేనేజర్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా విన్నాడు. మంచి మనిషే. గంట మోగలేదని ఒప్పుకున్నాడు. ఉద్యోగం ఇస్తాం, నిర్లక్ష్యం అన్న మాట కొట్టేస్తాం అన్నాడు. తర్వాత అక్క స్టేట్‌మెంట్ తీసి నా ముందు పెట్టాడు.

"అంతా మంచిగనే ఉంది. గీ పిలిచిన్రన్న లైను మాత్రం తీసెయ్యమనుండ్రి. ఇంకొకటి రాసియ్యమనుండ్రి."

అప్పుడు అర్థమైంది నాకు నేనేం చేశానో. ఎక్కడో తిరుగుతూ గంట ఆలస్యంగా విని ఆలస్యంగా పోయింది అని వాళ్ళన్నప్పుడు, అది అబద్ధమైనా, మామూలు అబద్ధం. దానిలో వింతేమీ లేదు. ఆ ఒక్క మామూలు కారణాన్నీ నేనే, నా చేతులతో, వేల గంటలు మోగించి మరీ లేకుండా చేశాను. గంట మోగలేదు. అది ఇప్పుడు రుజువైపోయింది. మరి కౌంటర్లో కూర్చున్న మనిషి, సరిగ్గా ఆ సమయానికి, సరిగ్గా ఆ చివరి మంచానికి ఎందుకు పరుగెత్తింది?

నేను సిగ్గు లేకుండా అక్కవైపు తిరిగి, "తీసెయ్ అక్కా, ఒక్క లైనే గద. నువ్వు విన్నవని రుజువేంది? మళ్ళ వినిపిస్తదా?" అన్నాను.

మా అక్క నాకేసి చూసిన చూపు మా అమ్మ కూడా ఎప్పుడూ చూడలేదు. "మళ్ళ జరుగకపోతే జరుగనట్టు కాదని గా దొరకు రాసి నాకు సదివి వినిపించినవ్ గద తమ్మీ. గంటకైతే గా మాట. నాకైతే ఇంకో మాటనా?"

డాక్టరుగారు మేనేజర్ వైపు చూశాడు, మేనేజర్ ఫ్యాన్ వైపు చూశాడు. చివరికి డాక్టరుగారే ఆ కాగితాన్ని మళ్ళీ లోపల పెట్టేసి, "సోమవారం వచ్చి జాయిన్ అయిపోమ్మా" అన్నాడు. లైను అలాగే ఉంది.

నేను ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కాదు. పెద్దాయన మూలిగి ఉంటాడు, అదే పిలుపులా వినిపించి ఉంటుంది అనుకుని, అదే మధ్యాహ్నం వేళకు పోయి కౌంటర్ దగ్గర కూర్చున్నాను. రెహానాను చివరి మంచం దగ్గర నిలబెట్టి, మొదట మూలగమన్నాను, తర్వాత మాట్లాడమన్నాను, తర్వాత గట్టిగా పిలవమన్నాను. మధ్యలో తలుపు, ఇవతల పెద్ద కూలర్ రొద. ఏమీ వినిపించలేదు. అరిస్తే సన్నగా వినిపించింది. అంత అరుపు ఆ రోజు ఎవరైనా అరిచి ఉంటే మందుల గదిలో ఉన్న రెహానా కూడా వినేది.

ఆడ గొంతా, మగ గొంతా అని అక్కను ఎన్నోసార్లు అడిగాను. తెలియదంటుంది. తెలిసినవాళ్ళ గొంతులా ఉంది గానీ ఎవరిదో పోల్చుకోలేకపోయానంటుంది. నేను కోప్పడతాను. తనూ కోప్పడుతుంది. తెలియనిదాన్ని తెలుసని ఎట్లా చెప్పమంటావంటుంది.

పెద్దాయన కోలుకున్నాక భార్యతో కలిసి ఒకసారి ఆసుపత్రికి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, కానీ తన కాళ్ళ మీద తను నడిచాడు. ఆవిడ మా అక్క రెండు చేతులూ పట్టుకుని కన్నడంలో ఏదేదో చెప్పి ఏడ్చింది. రెహానాకు కొంచెం కన్నడం వచ్చు, అడిగించాను. ఆ రోజు ఆమె ఎవర్నీ పిలవలేదు, ఎవరూ పిలవగా వినలేదు కూడా.

ఆ సాయంత్రం నేను తాండూరు స్టేషన్లో అక్కతో పాటు రైలు కోసం నిలబడ్డాను. అప్పుడు చెప్పింది, స్టేట్‌మెంట్‌లో కూడా రాయని మాట. మొదటి పిలుపు చాలా స్పష్టంగా వినిపించిందట. చేతిలో మందుల ట్రే ఉందట. లేవబోయి ఆగిందట.

"నాయనమ్మ అలవాటు తమ్మీ. ఒక్కసారికి లేవొద్దని గట్లనే కూసున్న. రెండోపాలి పిలిచినంకనే లేచిన. మొదటిదానికే లేస్తే గా ముసలాయనకు గంత గోస ఉండకపోవు."

ఇన్నాళ్ళూ కోపంతో నిలబడిన మనిషి అప్పుడు ఏడ్చింది, ప్లాట్‌ఫారం మీద, అందరి ముందూ. నేను తన చేతి సంచీ అందుకున్నాను.

ఆ మెషిన్‌లో ఏం జరిగిందో నేను ఎవరికైనా బొమ్మ గీసి చూపించగలను. మా అక్కకు ఏం జరిగిందో ఇప్పటికీ చెప్పలేను, అది నాకు పెద్ద అవమానంగా ఉంటుంది. ఒక్కసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదని మా నాయనమ్మ లెక్క. రెండోసారి కూడా పిలిచినవాళ్ళను ఏమనాలో ఆమె చెప్పలేదు.

లక్ష్మమ్మ ఇప్పటికీ రెండుసార్లు నొక్కమనే చెప్తోంది. ఒకసారి చాలని నేనెంత చెప్పినా వినదు. మా అక్క మాత్రం ఇప్పుడు ఎవరు పిలిచినా, ఎటు నుంచి పిలిచినా, ఒక్క పిలుపుకే లేచిపోయి చూసి వస్తుంది. ఒక్కోసారి అక్కడ ఎవరూ ఉండరు.